నా బీరువాకే ఫోన్ చేశాను

2023 జనవరి. భోపాల్‌పట్నం బ్లాకులో ఒక ప్రభుత్వ హయ్యర్ సెకండరీ స్కూల్లో నేను అసిస్టెంట్ గ్రేడ్-త్రీని. ఆ హోదా జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. మా ఛత్తీస్‌గఢ్ ఆఫీసుల్లో గుమాస్తా ఆడైనా మగైనా ‘బాబు’నే. అందుకే పిల్లలకు నేను బాబు మేడాన్ని. పుట్టింది, పెరిగింది, పెళ్లయింది అన్నీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ. గేటు దగ్గరికి వచ్చే తల్లిదండ్రులతో గోండీ, దోర్లీ, తెలుగు కలిపి ఏది అర్థమైతే అది మాట్లాడతాను.

స్కూలు క్లర్కంటే టీసీలు రాసిచ్చే మనిషని చాలామంది అనుకుంటారు. అసలు పని వేరు. స్కూల్లో ఏ వస్తువు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారినా దానికి ఒక కాగితం పుట్టించాలి. సుద్దముక్కల డబ్బాకైనా, ప్రశ్నపత్రాల కట్టకైనా అంతే. ఇరవై రెండేళ్లలో నా రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత కూడా లేదని ఆడిట్‌కు వచ్చినవాళ్లు మెచ్చుకుని వెళ్లేవారు. నాకు గర్వంగానే ఉండేది. ఆ గర్వం ఎలా దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ నెల మా ప్రాచార్య సార్, అంటే ప్రిన్సిపాల్, ప్రార్థన సమయంలో కొత్త నియమం చెప్పారు. స్కూల్లో ఫోన్ కనబడితే జప్తు. పాలక్, అంటే తల్లో తండ్రో ఇంటి పెద్దో, స్వయంగా వస్తేనే వాపసు. పాలక్ వచ్చేదాకా ఆ విద్యార్థి తరగతిలో కూర్చోకూడదు. సార్‌ది రాయ్‌పూర్ వైపు. మనిషి మెతక, మాట మాత్రం గట్టిది. ఆ మాటను అమలుచేసే పని నాకిచ్చారు.

నేను దాన్ని శాస్త్రోక్తంగా చేశాను. ముందు ‘జప్తీ పంజీ’ తెరిచాను. స్వాధీనం చేసుకున్న వస్తువులు రాసే రిజిస్టర్ అది. ఫోన్ రాగానే స్విచ్ ఆఫ్ చేసి, గోధుమరంగు కవర్లో పెట్టి, దానిమీద పేరు, తరగతి రాసి, లక్కతో సీలు వేసి, స్టీల్ బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. పాలక్ వస్తే అండర్‌టేకింగ్ రాయించుకునేదాన్ని. మళ్లీ ఇలా జరగదని హామీ ఇచ్చే కాగితం అది.

మొదటి వారంలోనే తొమ్మిది ఫోన్లు వచ్చాయి. వాటి వెనకాలే పాలక్‌లూ వచ్చారు. ఒక కిరాణా వ్యాపారి పిల్లల హక్కుల గురించి గంటసేపు వాదించాడు. మధ్యలో ఆయన ఫోన్ ఎన్నిసార్లు మోగిందో లెక్కలేదు. మోగిన ప్రతిసారీ ఆయన బయటికి వెళ్లి మాట్లాడి వచ్చేవాడు, ఎక్కడిదాకా వచ్చామని నన్నే అడిగేవాడు. చివరికి అలసిపోయి సంతకం పెట్టాడు. ఇంకో తల్లి వచ్చి ఫోన్ వద్దని, పరీక్షలయ్యేదాకా బీరువాలోనే ఉంచమని బతిమాలింది. తాను వచ్చి వెళ్లినట్టు కొడుక్కి మాత్రం చెప్పొద్దంది. అన్నిటికన్నా ముచ్చటైన ఆవిడ కొంగు ముడి విప్పి మొగుడి ఫోన్ తీసింది, దీన్ని కూడా జప్తు చేసుకోమంది. పంజీలో విద్యార్థుల తరగతి రాసే గడి ఉందమ్మా, మీ ఆయనది ఏం రాయాలి అన్నాను. అయిదో తరగతి దాకా చదివాడు, అదే రాసుకోమంది. నవ్వాపుకోలేక రిజిస్టర్ మూసేశాను.

ఇదంతా సరదాగా సాగుతున్న రోజుల్లో, ఒక బుధవారం, పన్నెండో తరగతి సమ్మక్క ఫోన్ వచ్చింది.

సమ్మక్క మాకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో, ఇంద్రావతి పక్క ఊరినుంచి సైకిల్ మీద వచ్చే పిల్ల. నలభై ఇళ్ల ఊరు. ఆ ఊళ్లో ఆడపిల్లల్లో పన్నెండు దాకా వచ్చింది తనొక్కతే. బయాలజీ గ్రూపు, నర్సు కావాలని ఆశ. నెమ్మదస్తురాలు, ఏ టీచరూ గట్టిగా పేరు పెట్టి పిలవాల్సిన అవసరం రాని పిల్ల. అలాంటిది మధ్యాహ్నం బెల్లయ్యాక కూడా నీళ్ల ట్యాంకు వెనక నిలబడి ఫోన్ చెవికి ఆనించుకుని నవ్వుతోందట. మేథ్స్ టీచర్ పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. అద్దం పగిలి, రబ్బరు బ్యాండు చుట్టుకుని ఉన్న పాత ఫోన్. ఎవరో చేత్తో కుట్టిన గుడ్డసంచి ఒకటి దానికి.

నేను కవర్ తీశాను. సమ్మక్క బల్ల అంచు పట్టుకుని నిలబడింది. “మా అమ్మ రాదు మేడం,” అంది.

నాకది పొగరులా వినిపించింది. మీ అమ్మ రాకపోతే ఇదీ రాదు అన్నాను. అలా వెంటనే తోచినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. పిల్ల ఇంకేదో చెప్పబోయింది. నా ముందు జీతాల బిల్లుంది. తర్వాత మాట్లాడదాం వెళ్లమన్నాను. స్విచ్ ఆఫ్ చేసి, లక్క కరిగించి, సీలు గుద్దాను.

గురువారం సమ్మక్క రాలేదు, శుక్రవారమూ రాలేదు. అప్పుడు గుబులు పుట్టింది, ఎందుకంటే మంగళవారం బయాలజీ ప్రాక్టికల్. ప్రాక్టికల్‌కు బయటి స్కూలు నుంచి పరీక్షకుడు వస్తాడు. ఆయన వచ్చేది ఒక్క రోజే. ఆ రోజు లేనివాళ్లకు ఆబ్సెంట్ పడుతుంది. ఆబ్సెంటంటే ఆ సబ్జెక్టు పోయినట్టే, నర్సింగ్ మాట మరిచిపోవాల్సిందే. సార్ కూడా కంగారుపడి, పాలక్‌కు ఫోన్ చేసి ఎలాగైనా రప్పించమన్నారు.

అడ్మిషన్ రిజిస్టర్ తెరిచి పాలక్ నంబరు చూసి చేశాను. స్విచ్ ఆఫ్. గంట ఆగి మళ్లీ చేశాను. స్విచ్ ఆఫ్. ఎలాంటి తల్లిదండ్రులో, పిల్ల చదువు మధ్యలో ఆగిపోతుంటే ఫోన్ ఆపుకుని కూర్చున్నారని మా ప్యూన్ లచ్చయ్య ముందు తిట్టుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం ఆ ఊరి పిల్లలిద్దరు, ఏడో తరగతి చదివే చిన్నవాళ్లు, నా కిటికీ దగ్గర చాలాసేపు తచ్చాడారు. ఏదో అడగడానికి వచ్చారని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం గట్టిగా అదిలించి తరగతికి పంపేశాను.

శనివారం పొద్దున మళ్లీ చేశాను. అదే స్విచ్ ఆఫ్. ఆ ఊరి పిల్లలెవరూ ఆ పూట స్కూలుకు రాలేదు. సరే, ఆ ఊళ్లో ఇంకెవరికైనా చేసి సమ్మక్క ఇంటికి కబురు పంపుదామని పదో తరగతి రిజిస్టర్ తీశాను. ఆ ఊరి కుర్రాడి పాలక్ నంబరు చూస్తే అదే నంబరు. తొమ్మిదో తరగతి చూశాను. అదే. ఏడో తరగతి ఇద్దరివీ అవే పది అంకెలు. మొత్తం పదకొండు మంది పిల్లలకు ఒకటే నంబరు. జూన్‌లో ఫారాలు నింపేటప్పుడే నేను దీన్ని చూశాను. సోమరితనమనుకుని, ఒకరిదాంట్లో ఒకరు చూసి రాశారని పిల్లలను కసిరాను కూడా. కానీ గడి ఖాళీగా లేదు కాబట్టి వదిలేశాను.

ఆ రిజిస్టర్లన్నీ బల్ల మీద పరిచి చూస్తుంటే నా కళ్లు మెల్లగా బీరువా వైపు తిరిగాయి. రెండు రోజులుగా నేను ఫోన్ చేస్తోంది నా బీరువాకే. దాన్ని ఆపి, సీలు వేసి, తాళం పెట్టిన మనిషినీ నేనే. ఎత్తడం లేదని తిట్టిందీ నేనే. సిగ్గుతో చెవులు కాలాయి. లచ్చయ్యకు విషయం చెబితే అతను తల వంచుకుని బయటికి పోయాడు. భుజాలు కదలడం చూస్తే నవ్వుతున్నాడని తెలిసింది.

సార్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. సీలు విప్పాలంటే పంచనామా రాయాలి, అంటే సాక్షుల ముందు విప్పామని రాసుకోవాలి. ఆ సిగ్గులోనూ నా బుద్ధి పోలేదు, రాశాను. కవర్ చింపి ఫోన్ ఆన్ చేశాం. దానికి తాళం నంబరు కూడా లేదు. బల్ల మీద సిగ్నల్ అందలేదు, లచ్చయ్య తీసుకెళ్లి కిటికీ ఊచల మధ్య నిలబెట్టాడు. ఒక్క నిమిషం గడిచింది. తర్వాత మొదలైంది. టిక్కు టిక్కుమని మెసేజ్‌లు. ఆగవే. కిటికీ గట్టు మీద ఫోన్ వణుకుతూ పక్కకు జరుగుతోంది, లచ్చయ్య చేయి అడ్డం పెట్టి పడకుండా ఆపాడు. అన్నీ వాయిస్ మెసేజ్‌లే, అంటే నోటితో చెప్పి పంపే సందేశాలు.

ఏం చేయాలో తోచక చూస్తుండగానే ఫోన్ మోగింది. ఎత్తాను.

“సమ్మక్కా?” అంది ఒక ఆడగొంతు. వెనక ఇంజను శబ్దం.

“సమ్మక్కను కాదమ్మా. స్కూలు ఆఫీసు నుంచి మాట్లాడుతున్న.”

ఆమె ఇంజను ఆపమని ఎవరికో కేకేసింది. వెంటనే, “నా బిడ్డకు ఏమైంది మేడం?” అంది. ఆ అడగడంలో ఉన్న భయం నాకు ఇప్పటికీ గుర్తుంది. నాకూ ఒక కూతురుంది. ఏం కాలేదని, పిల్ల క్షేమంగా ఉందని, ఫోన్ మాత్రం మా దగ్గర ఉండిపోయిందని ఒక్క ఊపిరిలో చెప్పాను.

“నాలుగు దినాల సంది మీ తాన్నే ఉన్నదా?”

“అవునమ్మా.”

“మేము ఊరు కాలిందో, మా ముసలామె పోయిందో అనుకున్నం. తోట సగంల ఇడిసిపెట్టి అందరం బయలెల్లినం. వంతెన దాటినం.”

ఆమె పేరు లక్ష్మి, సమ్మక్క తల్లి. అప్పుడు ఆమె నోట అసలు సంగతి తెలిసింది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఊరి పెద్దవాళ్లలో సగంమంది గోదావరి అవతల మిరపతోటల్లో కాయ ఏరడానికి పోతారు. ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు ఉంటారు. ఊళ్లో సిగ్నల్ లేదు. అందుకని ఉన్న ఫోన్లలో ఒకదాన్ని ఊరికి ఉంచి, రోజూ సిగ్నల్ ఉన్న చోటికి వచ్చిపోయే సమ్మక్క చేతిలో పెట్టారు. తోటల్లోవాళ్లు పొద్దున చెప్పి పంపిన మాటలు ఆమె మధ్యాహ్నం స్కూల్లో దింపుకుంటుంది, సాయంత్రం ఊరికి తీసుకెళ్లి ఇల్లిల్లూ తిరిగి వినిపిస్తుంది. ఊరివాళ్ల జవాబులు అక్కడే ఫోన్‌కు చెప్పించుకుంటుంది. మర్నాడు సైకిల్ సిగ్నల్లోకి రాగానే అవి వాటంతటవే వెళ్లిపోతాయి. ఆ నంబరు సమ్మక్కది కాదు, ఊరిది. పదకొండు ఫారాల్లో అదే నంబరు ఎందుకుందో అప్పుడు నా మట్టిబుర్రకు ఎక్కింది. మా అమ్మ రాదు మేడం అన్న మాటకు అర్థమూ అప్పుడే ఎక్కింది. పాలక్‌ను పిలవాలంటే ఆ పిల్లకు ఉన్న దారి ఆ ఒక్క ఫోనే. దాన్నే లాక్కుని పాలక్‌ను తెమ్మన్నాను.

సోమవారం పిల్లను తీసుకుని రమ్మని లక్ష్మికి చెప్పాను. ఒక్కరు వస్తే చాలని కూడా చెప్పాను. అది ఆమెకు వినపడలేదో, వినపడినా లక్ష్యపెట్టలేదో మరి.

సోమవారం పదింటికి గేటు ముందు రెండు ట్రాక్టర్లు ఆగాయి. ముసలీ ముతకా, చంకల్లో పిల్లలు, తోటల నుంచి వచ్చిన ఆడవాళ్లు, మగవాళ్లు, దిగుతూనే ఉన్నారు. సార్ కిటికీలోంచి చూసి, బాబు మేడం, ఇది ఘెరావా అని మెల్లగా అడిగారు. నాకూ అలాగే అనిపించింది. కేకలేయడానికి వచ్చే పాలక్‌లు ఒక్కరొక్కరుగా వస్తారు, వాళ్లను సముదాయించడం నాకు తెలుసు. ఊరంతా చప్పుడు చేయకుండా వస్తే ఏం చేయాలో ఏ రిజిస్టర్లోనూ లేదు.

వాళ్లు వరండాలో వరసగా కూర్చున్నారు. కూర్చున్న రెండు నిమిషాలకు సార్ తుమ్మారు. తర్వాత నేను తుమ్మాను. తోటల నుంచి వచ్చినవాళ్ల చీరల్లో, తలగుడ్డల్లో మిరప ఘాటు నిండి ఉంది. ఆ పూట ఆఫీసులో ఏ మాటా తుమ్ము లేకుండా పూర్తి కాలేదు. కోపంగా మాట్లాడదామన్నా ఎవరికీ వీల్లేకపోయింది.

సమ్మక్క పాలక్ ఎవరో లేచి నిలబడమని సార్ హిందీలో అడిగారు. నేను తెలుగులో చెప్పాను. వరండా మొత్తం లేచింది. ఒక్కరు చాలని చేతులతో చూపించాను. ఎవరూ కూర్చోలేదు. ముందు వరసలోంచి సమ్మక్క అవ్వ ముత్తమ్మ కర్ర ఊనుకుని ముందుకొచ్చింది.

“ఫోన్ ఒక్కరిదైతే ఒక్కరే వస్తుండె సారూ,” అంది. “అండ్ల అందరి మాట ఉన్నది. నాలుగు దినాలు మా కొడుకు గొంతు వినకపోతిమి.”

దాన్ని హిందీలోకి మార్చబోతే నాకు తుమ్ము అడ్డొచ్చింది. సార్‌కు చెప్పకుండానే అర్థమైనట్టుంది. ఆయన లేచి వెళ్లి ఆ ముసలమ్మను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ తర్వాత అండర్‌టేకింగ్ తీయమన్నారు, ఎవరు పెడతానంటే వాళ్ల వేలిముద్రలన్నీ తీసుకోమన్నారు. ఒక్క సంతకానికి జాగా ఉన్న కాగితం మీద ముప్ఫైకి పైగా ముద్రలు పడ్డాయి. మిరపకాయలు ఏరి ఏరి తొక్క లేచిన వేళ్లవి. గీతలు సరిగా పడక, చాలా ముద్రలు ఒట్టి నీలిమచ్చల్లా వచ్చాయి. ఆడిట్‌లో ఆక్షేపణ వచ్చే కాగితమే అది. అయినా ఫైల్లో భద్రంగా పెట్టాను.

ఇక ఫోన్ ఇవ్వాలి. రేపట్నుంచి దీన్ని తరగతికి తేవద్దు అనబోయి ఆగాను. తేవద్దంటే ఊరికి మాట ఆగిపోతుంది, తెమ్మంటే నియమం పోతుంది. సార్, నేను ఇద్దరం సందిగ్ధంలో ఉండగా సమ్మక్క ఆ రోజు మొదటిసారి నోరు విప్పింది.

“రోజూ జప్తీ జేసుకోండ్రి మేడం. బందు మాత్రం పెట్టకుండ్రి.”

అందరం ఒక్క క్షణం ఆగి నవ్వేశాం, సార్ తుమ్ముతూనే నవ్వారు. అదే ఖాయమైంది. పొద్దున రాగానే సమ్మక్క ఫోన్ నాకు అప్పగించాలి, నేను పంజీలో రాసుకుని కిటికీ ఊచల మధ్య పెట్టాలి, మధ్యాహ్నం పావుగంట ఆమె ఆఫీసులో కూర్చుని మాటలు వినాలి.

మంగళవారం సమ్మక్క ప్రాక్టికల్ చేసింది. ఉల్లిపొర స్లైడు మైక్రోస్కోపు కింద చూపించి, పరీక్షకుడు అడిగినవన్నీ చెప్పిందని బయాలజీ మేడం పరుగున వచ్చి నాకే ముందు చెప్పారు. ఆ సంతోషంలో నేను ఆ రోజు జీతాల బిల్లులో ఒక కొట్టివేత చేశాను. ఇరవై రెండేళ్లలో అదే మొదటిది.

మిరపతోటలవాళ్లు తిరిగి వెళ్లిపోయారు. పరీక్షల దాకా ఆ రెండు నెలలు మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బా ముందు ఊరంతా మాట్లాడేది. మేకకు రెండు పిల్లలు పుట్టాయని, అవ్వకు దగ్గు తగ్గిందా అని, గుడిసె మీద తాటాకు మార్చమని. వినకూడదనే అనుకునేదాన్ని, అటు తిరిగి తినేదాన్ని, కానీ చెవులు ఎటు తిప్పుకోను. ఒకరోజు లక్ష్మి గొంతు నన్నే పిలిచింది. బాబు మేడంకు చెప్పు, మిరపపండ్లు తెస్తున్న, తుమ్మకుండ తినుమను. సెలవు వచ్చిన రోజు ఇంట్లో అన్నం తింటుంటే ఏదో వెలితిగా ఉండేది.

సమ్మక్క పాసైంది. మా జిల్లా కేంద్రం బీజాపూర్‌లో నర్సింగ్ చదువుతోంది. ఫోన్ అదే ఊరి తొమ్మిదో తరగతి పిల్ల, పోషక్క చేతికి మారింది. కిటికీ ఊచల మధ్య దాని జాగా దానికే ఉంది.

నా జప్తీ పంజీలో ఇప్పుడు ఒక గడి ఎక్కువ. ‘ఈ ఫోన్ కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు?’ అని అడిగి రాస్తాను. చాలాసార్లు జవాబు ఎవరూ లేరనే. లక్క కరిగించడానికి నాకేం మొహమాటం లేదు. కానీ అడగకుండా మాత్రం తాళం వేయను. కాగితం మీద గడి నిండితే పని అయిపోయినట్టే అనుకునేదాన్ని. గడిలో ఉన్నదాన్ని చదవడం కూడా నా పనే అని ఆ పదకొండు ఫారాలు నేర్పాయి. పిల్లలు చెప్పబోయి ఆగిన మాటను ఆగి వినడం సమ్మక్క నేర్పింది.

మొన్న కొత్తగా వచ్చిన ఆటల టీచర్ పోషక్కను జిల్లా పరుగుపందేలకు తీసుకెళ్లాలన్నారు. పాలక్ అనుమతి కావాలి. అడ్మిషన్ రిజిస్టర్లో మొదటి నంబరుకు చేస్తే కిటికీలో ఫోన్ మోగింది. అది కాదు, రెండో నంబరుకు చేయమన్నాను. ఆయన నొక్కారు. నా హ్యాండ్‌బ్యాగులో ఫోన్ మోగింది. ఆ ఊరి పిల్లలందరి ఫారాల్లోనూ రెండో గడిలో నా నంబరే ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఈసారి కూడా నేను చదవలేదు.

ఆటల టీచర్ ఫోన్ చెవికి పెట్టుకుని, బల్లకు అవతల కూర్చున్న నా వైపు అయోమయంగా చూశారు. నేను తీరిగ్గా ఫోన్ తీసి ఎత్తాను.

“చెప్పండి,” అన్నాను. “పోషక్క పాలక్‌నే మాట్లాడుతున్నాను.”